గీత దాటిన పొదుపు

2001 జూన్ నుంచి 2014 ఆగస్టు దాకా ప్రైవేటు కంపెనీల్లో, కార్పొరేషన్లలో పనిచేసినవాళ్ల పీఎఫ్ లెక్కలు తిరగేస్తే 541 అనే అంకె నెలనెలా కనిపిస్తుంది. మూలవేతనం పది వేలున్నవాడికీ 541, యాభై వేలున్నవాడికీ 541. 2014 సెప్టెంబరు నుంచి ఆ చోట 1,250 వచ్చి చేరింది. యజమాని కట్టే చందాలోంచి పింఛను నిధికి మళ్లే సొమ్ము ఇది. మొదటిది 6,500 రూపాయల్లో 8.33 శాతం, రెండోది 15,000 రూపాయల్లో 8.33 శాతం. ఉద్యోగి నిజంగా ఎంత జీతం తీసుకుంటున్నాడన్నదానితో ఈ అంకెలకు పనిలేదు. జీతానికి ప్రభుత్వం గీసిన ఒక గీత ఉంది, లెక్కంతా దాని మీదే.

ఆ గీతకు పైన ఉన్న జీతం మీద కూడా లక్షలమంది పీఎఫ్ కట్టారు. సంస్థలు కోశాయి, పీఎఫ్ ఆఫీసు తీసుకుంది, వడ్డీ కూడా వేసింది. అలా గీత దాటి వచ్చిన సొమ్మును ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం డెబ్బై ఏళ్లలో ఒక్కో కాలంలో ఒక్కో జవాబు వచ్చింది. ఒకప్పుడు ఇష్టమైతే కట్టుకోమన్నారు. తర్వాత పింఛనుకూ లెక్కగడతామన్నారు. ఆ తర్వాత గడువు అయిపోయిందన్నారు. చివరికి పన్ను వేశారు.

ప్రావిడెంట్ ఫండ్ మన దగ్గర మొదట సర్కారు కొలువులకు, రైల్వేలకు దక్కిన సౌకర్యం. 1897లో ఒక చట్టం, దాని స్థానంలో 1925లో మరో చట్టం వచ్చాయి. అప్పులవాళ్లు కోర్టుకెక్కినా ఉద్యోగి పీఎఫ్ సొమ్ము జప్తు కాకుండా చూడటం వాటి ముఖ్యోద్దేశం. ప్రైవేటు కంపెనీలు సొంతంగా నడుపుకొనే ఫండ్లకు 1929లో ఆదాయపు పన్ను రాయితీ దొరికింది. ఆ రాయితీకి తర్వాత హద్దు కూడా వచ్చింది. యజమాని ఇచ్చే వాటా జీతంలో ఒక శాతాన్ని మించితే, మించినంత మేరకు అది ఉద్యోగికి ఆ ఏటి ఆదాయమే. 1961 ఆదాయపు పన్ను చట్టం నాలుగో షెడ్యూలులో చోటు చేసుకున్న ఆ హద్దు చివరికి 12 శాతం దగ్గర నిలిచింది. పొదుపుకు ప్రోత్సాహం ఇస్తాం గానీ ఎంతైనా దాచుకుంటామంటే కుదరదన్న ఆలోచన అంత పాతది.

కార్మికుడి దాకా ఫండ్ రావడానికి స్వాతంత్ర్యం రావాల్సి వచ్చింది. 1948లో బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం మొదటి అడుగు. సింగరేణి బెల్టులో ఇప్పటికీ పీఎఫ్ అనరు, సీఎంపీఎఫ్ అంటారు. గోదావరిఖనిలో, కొత్తగూడెంలో దాని ఆఫీసులు వేరే ఉన్నాయి. అదే ఏడాది అన్ని పరిశ్రమల కార్మికులకూ ఫండ్ కావాలని కేంద్ర శాసనసభలో ఒక అనధికార బిల్లు వచ్చింది. సమగ్రమైన బిల్లు తామే తెచ్చే సంగతి ఆలోచిస్తామని ప్రభుత్వం హామీ ఇస్తే గానీ దాన్ని వెనక్కి తీసుకోలేదు. 1951 నవంబరు 15న ఆర్డినెన్సు, 1952 మార్చి 4న చట్టం వచ్చాయి.

ఆ చట్టం మొదట ఆరు పరిశ్రమలకే పరిమితం: సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్ సామగ్రి, ఇనుము ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు. వరంగల్ ఆజంజాహీ మిల్లు, కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు, హైదరాబాద్‌లోని వజీర్ సుల్తాన్ సిగరెట్ ఫ్యాక్టరీ ఆ జాబితాలోని పరిశ్రమలే. పథకం పూర్తిగా అమల్లోకి వచ్చింది 1952 నవంబరు 1న. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రి వి.వి.గిరి. కార్మికోద్యమంలోంచి వచ్చి, తర్వాత రాష్ట్రపతి అయిన తెలుగువాడు.

కార్మికుడి వాటా జీతంలో 6¼ శాతం, యజమాని వాటా కూడా అంతే. ఈ పావు శాతం ఎక్కడిదని ఇప్పటివాళ్లకు అనుమానం రావచ్చు. రూపాయికి పదహారు అణాల రోజులవి. రూపాయిలో పదహారో వంతు సరిగ్గా 6¼ శాతం. అంటే ప్రతి రూపాయికీ ఒక అణా కార్మికుడిది, ఒక అణా యజమానిది. చదువు రాని కార్మికుడు కూడా వేళ్ల మీద సరిచూసుకోగల లెక్క. ఆ సులువు తర్వాత ఈ పథకంలో మళ్లీ కనిపించలేదు.

గీత కూడా అప్పుడే పడింది. నెలకు 300 రూపాయలకు మించి జీతం ఉన్నవాళ్లకు నిర్బంధ పీఎఫ్ లేదు. పథకం భాషలో వాళ్లు వెలుపల ఉంచిన ఉద్యోగులు. ఉద్దేశం మంచిదే. నిర్బంధంగా దాచాల్సిన అవసరం చిన్న జీతగాడిది, ఆఫీసరు తన దారి తాను చూసుకోగలడు అనుకున్నారు. సభ్యుడిగా చేరాక జీతం పెరిగి గీత దాటినవాడు బయటికి పోడు గానీ, చందా మాత్రం గీత దాకా ఉన్న జీతం మీదే కట్టాలి.

చిక్కు వచ్చింది ఆ గీత కదలికలోనే. 1957లో 500, 1962 చివర్లో 1,000 అయింది. తర్వాత పద్నాలుగేళ్లపాటు కదలలేదు, 1976లో 1,600 చేశారు. 1985లో 2,500, 1990లో 3,500, 1994లో 5,000, 2001లో 6,500, 2014లో 15,000. ధరలతోపాటు కరవు భత్యం (డీఏ) ఏటా పెరుగుతుంటే గీత మాత్రం కొన్నేళ్లకు ఒకసారే లేచేది. ఆఫీసర్లను పక్కన పెట్టడానికి గీసిన గీత ఈ మధ్యకాలంలో మామూలు గుమస్తాలనూ, బస్సు డ్రైవర్లనూ, మిషన్ మీద నిలబడి పనిచేసేవాళ్లనూ కోస్తూ పోయింది. వాళ్లు ధనికులై గీత దాటలేదు. ప్రభుత్వం గీతను సమయానికి జరపక దాటారు. ఈ కథలో తర్వాత జరిగిన గొడవలకు మూలం ఇదే.

అయితే పథకం రాసినవాళ్లు గీతకు రెండు తలుపులు పెట్టారు. ఒకటి 26(6)వ పేరా. ఉద్యోగి, యజమాని కలిసి లిఖితపూర్వకంగా అడిగితే, పీఎఫ్ అధికారి అనుమతితో గీతకు మించిన జీతం మీద కూడా చందా కట్టవచ్చు. ఇదే జనం నోట్లో నలిగిన ఉమ్మడి ఆప్షన్. రెండోది 29వ పేరా. నిర్ణీత శాతానికి మించి ఉద్యోగి తన ఇష్టంతో ఎక్కువ కోయించుకోవచ్చు, యజమాని మాత్రం దానికి సమానంగా కలపనక్కర్లేదు. ఉద్యోగులు వీపీఎఫ్ అనేది దీన్నే.

ఈ తలుపుల గుండా ఎందుకంతమంది వెళ్లారో వడ్డీ రేట్లు చూస్తే తెలుస్తుంది. 1952-53లో 3 శాతంతో మొదలైన పీఎఫ్ వడ్డీ 1989-90 నాటికి 12 శాతానికి చేరింది. 2000 సంవత్సరం మధ్య వరకూ అక్కడే నిలిచింది. దానికి పన్ను లేదు, ముంచుతారన్న భయం లేదు. ప్రభుత్వ రంగ సంస్థలు చాలావరకు పూర్తి మూలవేతనం, డీఏ మీద చందా కోసి, తమ వాటా కూడా అంతే కట్టేవి. చందా శాతం కూడా 6¼ నుంచి అంచెలంచెలుగా పెరిగి 1997లో 12కు వచ్చింది. గీత దాటిన సొమ్ము ఇలా కోట్లలో పోగుపడుతుంటే సంస్థకు గానీ ఉద్యోగికి గానీ అది సమస్యగా తోచలేదు. పీఎఫ్ ఆఫీసు తన పాలనా ఖర్చుల కింద వసూలు చేసే రుసుమును కూడా ఆ పూర్తి జీతం మీదే తీసుకునేది.

1995 నవంబరు 16న పింఛను పథకం వచ్చింది. అంతకుముందు 1971 నుంచి కుటుంబ పింఛను ఉండేది గానీ అది ప్రధానంగా ఉద్యోగి పోతే ఇంటివాళ్లకు ఆసరా. ఈపీఎస్-95 అనే ఈ కొత్త పథకం మాత్రం రిటైరైన ఉద్యోగికే నెలనెలా పింఛను ఇస్తానంది. దానికి సొమ్ము ఎక్కడిదంటే, యజమాని వాటాలోంచి 8.33 శాతం, ప్రభుత్వం ఇచ్చే 1.16 శాతం. రెండూ గీత దాకా ఉన్న జీతం మీదే. పింఛను సూత్రం చిన్నది. పింఛనుకు లెక్కగట్టే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి డెబ్బైతో భాగించాలి.

2005లో మూలవేతనం, డీఏ కలిపి 20,000 తీసుకుంటున్న ఒక ఉద్యోగిని ఊహించుకోండి. అతని వాటా 2,400, యజమాని వాటా 2,400. యజమాని వాటాలో 541 పింఛను నిధికి, మిగిలిన 1,859 అతని పీఎఫ్ ఖాతాకు వెళ్లాయి. ముప్పై ఏళ్ల సర్వీసుకు 6,500 మీద లెక్కగడితే పింఛను నెలకు 2,786 రూపాయలు. అదే 20,000 మీద లెక్కగట్టి ఉంటే 8,571. దానికి యజమాని అదనంగా ఒక్క పైసా కట్టనక్కర్లేదు. ఆ 2,400లోంచి 541 బదులు 1,666 పింఛను వైపు మళ్లితే చాలు. సొమ్ము ఉన్నదే, ఏ ఖాతాలో పడుతుందన్నదే తేడా.

అలా మళ్లించుకునే వీలును ప్రభుత్వం నిజంగానే ఇచ్చింది. 1996 మార్చి 16న పింఛను పథకం 11(3)వ పేరాకు ఒక నిబంధన కలిపారు. ఉద్యోగి, యజమాని ఇద్దరూ కోరితే గీతకు మించిన జీతం మీద కూడా 8.33 శాతం పింఛను నిధికి కట్టి, పూర్తి జీతం మీద పింఛను పొందవచ్చు. ఆ మాట కార్మికుల చెవిన ఎవరు వేశారు? చాలా సంస్థల్లో పర్సనల్ విభాగాలకే ఆ సంగతి పట్టలేదు. రిటైర్మెంటు దగ్గరపడి, వచ్చే పింఛను రెండు మూడు వేలని తెలిశాక ఉద్యోగులు పరుగెత్తారు. అప్పటికి పీఎఫ్ ఆఫీసులు గడువు దాటిందనడం మొదలుపెట్టాయి.

హిమాచల్ ప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ ఉద్యోగులు దాన్ని అంతటితో వదల్లేదు. రిటైర్మెంటు ముంగిట ఆప్షన్ ఇస్తే పీఎఫ్ ఆఫీసు తోసిపుచ్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆర్.సి.గుప్తా కేసుగా పేరుపడిన దానిలో 2016 అక్టోబరు 4న జస్టిస్ రంజన్ గొగోయ్, జస్టిస్ ప్రఫుల్ల సి.పంత్ తీర్పిచ్చారు. నిబంధనలో ఉన్న తేదీలు జీతం లెక్కకు సంబంధించినవే తప్ప ఆప్షన్‌కు తుది గడువు కావని తేల్చారు. యజమాని ఎలాగూ పూర్తి జీతం మీద చందా కట్టాడు. కాబట్టి పీఎఫ్ ఖాతాలో పడిన అదనపు సొమ్మును వెనక్కి తీసుకుని పింఛను నిధిలో వేసుకోండి, పింఛను పెంచండి అన్నారు. ఆ తర్వాత హర్యానా పర్యాటక సంస్థ నుంచి రిటైరైన ఒకరి పింఛను నెలకు 2,372 నుంచి 30,592 రూపాయలకు పెరిగిందన్న వార్త దేశమంతా పాకింది. ప్రతి ఊళ్లోనూ పింఛనుదార్ల సంఘాలు కదిలాయి.

సొంత ట్రస్టుల ద్వారా పీఎఫ్ నడుపుకొనే సంస్థలకు మాత్రం ఈ తీర్పు వర్తించదని 2017 మే 31న పీఎఫ్ ఆఫీసులన్నింటినీ నడిపే ఈపీఎఫ్‌వో సర్క్యులర్ ఇచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ దెబ్బ తగిలినవాళ్లలో ఆర్టీసీ ఉద్యోగులున్నారు. వాళ్ల పీఎఫ్ ట్రస్టులో ఉంటుంది, పింఛను చందా మాత్రం ఈపీఎఫ్‌వోకే పోతుంది. జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్న డ్రైవరుకు, టికెట్లు కొట్టిన కండక్టరుకు ట్రస్టు పెట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయంలో ఏ పాత్రా లేదు. ఆ నిర్ణయం పేరు చెప్పి వాళ్లను పక్కన పెట్టడం అన్యాయం.

అసలు ఈ తీర్పుకు ముందే తలుపు మూసుకుపోయింది. 2014 సెప్టెంబరు 1 నుంచి గీత 15,000కు పెరిగింది, దానితోపాటే 1996 నాటి ఆప్షన్‌ను తీసేశారు. అప్పటికే పూర్తి జీతం మీద కడుతున్నవాళ్లు ఆర్నెల్లలో కొత్త ఆప్షన్ ఇవ్వాలి, గీతకు పైనున్న జీతం మీద 1.16 శాతం తమ జేబులోంచి కట్టాలి. పింఛనుకు లెక్కగట్టే జీతం చివరి పన్నెండు నెలల సగటు కాదు, అరవై నెలల సగటు. గీత దాటిన జీతంతో కొత్తగా చేరేవాళ్లకు పింఛను పథకంలో ప్రవేశమే లేదు.

కేరళ హైకోర్టు 2018 అక్టోబరు 12న ఈ సవరణలను కొట్టేసింది. 2019 ఏప్రిల్ 1న ఈపీఎఫ్‌వో అప్పీలును సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పింఛనుదార్ల ఇళ్లల్లో ఆ రోజు పండగే. 2021 జనవరి 29న అదే కోర్టు ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. చివరికి 2022 నవంబరు 4న ప్రధాన న్యాయమూర్తి యు.యు.లలిత్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మధ్యేమార్గపు తీర్పు చెప్పింది. 2014 సవరణలు చెల్లుతాయి. అరవై నెలల సగటూ చెల్లుతుంది. ఉద్యోగి మీద వేసిన 1.16 శాతం మాత్రం చెల్లదు. గడువు తెలియక నష్టపోయిన వాళ్లకు ఆప్షన్ ఇవ్వడానికి ఇంకో నాలుగు నెలలు ఇవ్వాలి. ట్రస్టు సంస్థల ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది. 2014 సెప్టెంబరు 1కి ముందే ఆప్షన్ ఇవ్వకుండా రిటైరైనవాళ్లకు ఏమీ లేదు. అందరికంటే వయసు మళ్లినవాళ్లు, అందరికంటే తక్కువ పింఛను తీసుకుంటున్నవాళ్లు వాళ్లే.

2023 మొదటి ఏడు నెలలు పీఎఫ్ ఆఫీసుల చరిత్రలో గుర్తుంచుకోవాల్సినవి. గడువు మార్చి 3 నుంచి మే 3కు, జూన్ 26కు, చివరికి జులై 11కు జరిగింది. 17.49 లక్షల దరఖాస్తులు పడ్డాయి. అన్నింటికంటే పెద్ద అడ్డంకి ఒక పాత కాగితం. గీతకు మించి చందా కట్టడానికి 26(6) కింద తీసుకున్న అనుమతి పత్రం చూపించమని ఆన్‌లైన్ ఫారం అడిగింది. ఏ పత్రమూ అడక్కుండానే ఇరవై, ముప్పై ఏళ్లు సొమ్ము జమ చేసుకున్న ఆఫీసు, పింఛను ఇవ్వాల్సి వచ్చేసరికి పత్రం ఏదని అడగడం ఏ న్యాయం? ఏప్రిల్‌లో కేరళ హైకోర్టు ఆ పత్రం లేకుండానే దరఖాస్తు తీసుకోమంది. జూన్‌లో ఈపీఎఫ్‌వో కొన్ని ప్రత్యామ్నాయ రుజువులకు ఒప్పుకుంది.

ఇక డిమాండ్ నోటీసులు. అధిక పింఛను కావాలంటే 1995 నుంచి పీఎఫ్ ఖాతాలో పడిన అదనపు సొమ్మును వడ్డీతో సహా తిరిగి పింఛను నిధికి కట్టాలి. ఉద్యోగంలో ఉన్నవాడికి ఖాతాలోంచే కోసుకుంటారు. రిటైరైనవాడు ఆ సొమ్ముతో కూతురి పెళ్లి చేశాడు, ఇల్లు కట్టాడు, భార్యకు వైద్యం చేయించాడు. ఇప్పుడు లక్షలు తెచ్చి కట్టాలి. కడితే ఎన్నాళ్లు బతుకుతాం, ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, తర్వాత భార్యకు ఎంత వస్తుందన్న లెక్కలు డెబ్బై ఏళ్ల వయసులో వేసుకోవాల్సి వచ్చింది. జీతాల వివరాలు అప్‌లోడ్ చేయడానికి యజమానులకు గడువు మీద గడువు ఇచ్చి 2025 జనవరి 31 దాకా పొడిగించారు. ముసలివాళ్లకు అంత తీరిక ఎక్కడిది?

పన్ను కథ ఇంకో దారిలో నడిచింది. 2016 బడ్జెట్‌లో పీఎఫ్ సొమ్ములో 60 శాతం మీద పన్ను ప్రతిపాదించిన అరుణ్ జైట్లీ వ్యతిరేకత చూసి మార్చి 8న వెనక్కి తీసుకున్నారు. యజమాని వాటాను 58 ఏళ్ల దాకా తీయకూడదన్న మరో నిబంధన మీద ఆ ఏడాది ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ కార్మికులు, ఎక్కువగా ఆడవాళ్లు, రోడ్ల మీదికి వచ్చారు. రెండో రోజే కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ దాన్ని రద్దు చేశారు. 2020లో యజమాని కట్టే పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ చందాలు కలిపి ఏటా 7.5 లక్షలు దాటితే పన్ను వేశారు. 2021 బడ్జెట్ ఉద్యోగి వాటా మీదికి వచ్చింది. ఏడాదికి 2.5 లక్షలకు మించి కట్టే సొమ్ము మీద వచ్చే వడ్డీకి ఆ ఏప్రిల్ 1 నుంచి పన్ను. యజమాని వాటా లేనిచోట 5 లక్షల దాకా మినహాయింపు. కొందరు నెలకు కోటి రూపాయలు కూడా పీఎఫ్‌లో వేస్తున్నారని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కారణం చెప్పారు.

ఈ పన్ను ఆలోచనను తప్పుపట్టలేం. పన్ను లేని వడ్డీని ఖజానా కార్మికుడి కోసం భరిస్తోంది, కోటీశ్వరుడి కోసం కాదు. ఉద్యోగి వాటా 12 శాతమే అయితే ఈ హద్దు తగలాలంటే మూలవేతనం నెలకు 1,73,600 రూపాయలు దాటాలి. అమలు తీరు కూడా స్పష్టంగానే ఉంది. ఆదాయపు పన్ను నిబంధనల కింద ఒక్కో ఖాతాను పన్ను పడేది, పడనిది అని రెండుగా విడదీస్తారు. ఏడాదికి 3.5 లక్షలు కట్టినవాడి సొమ్ములో లక్ష పన్ను ఖాతాలోకి పోతుంది. 8.25 శాతం చొప్పున దాని మీద వచ్చే 8,250 రూపాయల వడ్డీ అతని ఆదాయంలో కలుస్తుంది. ఆ లక్ష, దాని వడ్డీ తీసేదాకా అక్కడే ఉంటాయి, ఏటా పన్ను పడుతూనే ఉంటుంది. అదనపు సొమ్మును ఏం చేయాలో ముందే చెప్పి చేసిన ఈ పద్ధతిని పింఛను విషయంలో 1996లోనే పాటించి ఉంటే కోర్టుల్లో అన్నేళ్లు గడిచేవి కావు.

2014 నాటి 15,000 గీత పదేళ్లు దాటినా కదలలేదు. ఈ మధ్యలో కొత్త రకం పొరపాటు పెరిగింది. 2014 సెప్టెంబరు 1 తర్వాత తొలిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే మూలవేతనం, డీఏ కలిపి 15,000 దాటినవాళ్లకు పింఛను పథకం లేదు. యజమాని వాటా మొత్తం పీఎఫ్ ఖాతాలోనే పడాలి. అయినా అలవాటు కొద్దీ నెలకు 1,250 పింఛను వైపు పంపుతున్న కంపెనీలున్నాయి. ఇది ఉద్యోగం మారినప్పుడో, క్లెయిము పెట్టినప్పుడో బయటపడుతుంది. అప్పటికి పాత కంపెనీ ఉంటుందో లేదో.

అందుకని ఉద్యోగంలో ఉన్న ప్రతి ఒక్కరూ ఈపీఎఫ్‌వో పాస్‌బుక్ తెరిచి మూడు గడులు చూసుకోండి: మీ వాటా, యజమాని వాటా, పింఛను చందా. మూడో గడిలో ఉండకూడని సొమ్ము ఉంటే ఇప్పుడే మీ హెచ్‌ఆర్ విభాగానికి రాతపూర్వకంగా చెప్పి సరిచేయించుకోండి. గీతకు మించి చందా కోస్తుంటే దానికి పెట్టుకున్న ఉమ్మడి ఆప్షన్ కాపీ అడిగి తీసుకుని, దస్తావేజులతోపాటు భద్రంగా దాచుకోండి.